కటికి జలపాతానికి అమ్మను, పాపను తీసుకెళ్ళొచ్చా? (విజయనగరం నుంచి)

చంపావతి_గట్టు
సోమవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మా పాపకి పదేళ్ళు. సైన్స్ పుస్తకంలో జలపాతం బొమ్మ చూసిన దగ్గర్నుంచీ ఒకటే పట్టు: ఎత్తైన జలపాతం చూడాలి, అదీ అడవిలో నడిచి వెళ్ళి చూడాలి అని. మా అమ్మకి అరవై మూడు. ఎడమ మోకాలు కాస్త ఇబ్బంది పెడుతుంది. అయినా రోజూ పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద నడుస్తుంది. మీరిద్దరూ వెళ్తే నేను ఇంట్లో కూర్చోవాలా, నేనూ వస్తాను అంటోంది.

మా ఆయన పని మీద వేరే రాష్ట్రంలో ఉన్నారు. కాబట్టి మేం ముగ్గురం ఆడవాళ్ళమే. మూడు చోట్లు అనుకున్నాను. బొర్రా దగ్గర కటికి, సీతంపేట వైపు మెట్టుగూడ, లేకపోతే డుడుమ. సిరిమానోత్సవం అయ్యాక వచ్చే ఆదివారం వెళ్దామని ఆలోచన. ఏది మంచిది? నాకు అసలు టెన్షన్ నడక గురించి కాదు, నీళ్ళ గురించి. పాప నీళ్ళు కనిపిస్తే ఆగదు.

బొడ్డవర_బండి
సోమవారం, రాత్రి 9.45

డుడుమ ఈసారికి పక్కన పెట్టండి. ఎత్తులో దానికి సాటి లేదు, సుమారు 175 మీటర్లు. కానీ అది ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ నది మీద ఉంది. అరకు దాటి చాలా దూరం పోవాలి. పాపతో, పెద్దావిడతో ఒక్క రోజులో వెళ్ళి రావాలంటే రోజంతా కారులోనే అయిపోతుంది. మెట్టుగూడకి పెద్దగా నడవక్కర్లేదు, అమ్మగారికి సులువు. మరి పాప అడిగింది అడవిలో నడక కదా. ఆ లెక్కన కటికే సరైనది.

దారి చెబుతాను. విజయనగరం నుంచి ఎస్.కోట, అక్కణ్ణుంచి బొడ్డవర, ఆ తర్వాత ఘాట్ మొదలు. త్యాడ, డముకు, అనంతగిరి దాటాక బొర్రా వైపు తిరగాలి. డముకు దగ్గర ఆగి లోయ చూడండి, అమ్మగారికి కాళ్ళు చాపుకోవడానికీ వీలుగా ఉంటుంది. బొర్రా నుంచి కటికికి దారి బాగాలేదు, మన కార్లు పోవు. అక్కడ జీపులు ఉంటాయి. ఎక్కే ముందే రానూపోనూ ఎంత, అక్కడ ఎంతసేపు ఆగుతారు అన్నది మాట్లాడుకోండి. జీపు దిగాక మిగతాది నడక.

రైల్లో వెళ్ళాలనుకుంటే కిరండూల్ పాసింజరు ఉంది. పొద్దున్నే విశాఖలో బయలుదేరుతుంది. మీరు కొత్తవలసలోనో ఎస్.కోటలోనో ఎక్కి బొర్రాగుహలు స్టేషన్లో దిగొచ్చు. ఈ లైను బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి తేవడానికి వేసింది. 58 సొరంగాలు ఉన్నాయి. శివలింగపురం దాటాక పాపని కిటికీ దగ్గర కూర్చోబెట్టి సొరంగాలు లెక్కపెట్టమనండి, దిగేదాకా మీ జోలికి రాదు. ఒక్కటే ఇబ్బంది. సాయంత్రం తిరుగు బండి ఎన్నింటికి వస్తుందో నమ్మకం లేదు. వానాకాలంలో కొండచరియలు పడితే ఆ రోజు బండే ఉండకపోవచ్చు.

పాలకొండ_మాష్టారు
సోమవారం, రాత్రి 10.20

అమ్మా, ముందు ఒక చిన్న సవరణ. పాత పుస్తకాల్లో కటికి విశాఖ జిల్లా అనీ, సీతంపేట శ్రీకాకుళం జిల్లా అనీ ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి కటికి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. పాప బడిలో రాయాల్సి వస్తే పనికొస్తుంది. మా బోటివాళ్ళకి మాత్రం సీతంపేట అంటే ఇప్పటికీ సిక్కోలే.

నేను ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను, అందుకని పాప కోసం ఒక పని చెబుతాను. జలపాతం ఎత్తు ఎంత అని ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. పాపనే కొలవమనండి.

మొదటి పద్ధతి. ఎదురుగా నిట్టనిలువుగా పడే ధారలో పై అంచు దగ్గర ఒక తెల్లటి నురుగు ముద్దని కళ్ళతో పట్టుకోవాలి. అది కింద పడేదాకా ఎన్ని సెకన్లో ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో చూడాలి. ఆ సెకన్లని వాటితోనే హెచ్చించి, మళ్ళీ ఐదుతో హెచ్చిస్తే మీటర్లు వస్తాయి. ఒక సెకను అయితే 5 మీటర్లు, రెండు అయితే 20, మూడు అయితే 45. గాలి నీటిని ఆపుతుంది కాబట్టి పడడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. అంటే మనకొచ్చే లెక్క అసలు ఎత్తుకన్నా ఎక్కువే ఉంటుంది. ఇది పాపకి చెప్పండి, వదిలేయకండి. లెక్క ఎటువైపు తప్పుతుందో తెలియడమే అసలు సైన్సు.

రెండో పద్ధతి. చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకి మడవాలి. కింది అంచు నేలకి సమంగా ఉంచి, ఏటవాలు అంచు వెంట కన్ను పెట్టి చూస్తూ వెనక్కి జరగాలి. పై కొస సరిగ్గా ఆ గీత మీదకి వచ్చిన చోట ఆగి, అక్కణ్ణుంచి మొదలు దాకా ఎంత దూరమో కొలిచి, కంటి ఎత్తు కలిపితే ఎత్తు వచ్చేస్తుంది. కొండ మీద నేల చదునుగా ఉండదు కాబట్టి ముందు మీ ఊళ్ళో గంటస్తంభం దగ్గర ఒకసారి చేయించండి.

నాగావళి_వాసి
మంగళవారం, ఉదయం 7.05

మేం శ్రీకాకుళం నుంచి ఏటా ఏదో ఒక జలపాతానికి వెళ్తాం. నా మాట వింటే నీళ్ళలోకి దిగకుండా రావద్దు. అంత దూరం వెళ్ళి ఒడ్డున నిలబడి చూసి వచ్చేస్తే ఏం బాగుంటుంది? ధార కింద నిలబడితే ఒంట్లో నొప్పులన్నీ పోతాయి. పాపని చెయ్యి పట్టుకుని దింపండి. మడుగు నడుం లోతుకి మించదు.

అనంతగిరి_కుర్రోడు
మంగళవారం, ఉదయం 8.30

అన్నా, ఆ ఒక్క మాట ఒప్పుకోలేను. మాది అనంతగిరి మండలమే. మా నాన్న జీపు నడుపుతాడు. గెడ్డ (కొండవాగు) లోతు ఎప్పుడూ ఒకేలా ఉండదు. నిన్న నడుం లోతు ఉన్నచోట ఇవాళ తల మునుగుతుంది. పోయిన వానకి వచ్చిన రాళ్ళు అడుగున ఎక్కడ ఆగాయో పైకి కనపడవు. ధార కింద నిలబడితే నీళ్ళొక్కటే పడవు. పైనుంచి కర్రముక్కలు, రాళ్ళు కూడా వస్తాయి. తల మీద పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అక్కా, మీరు నీళ్ళ గురించే అడిగారు కాబట్టి వివరంగా రాస్తాను. మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తూ ఉంటుంది. వాన పైన కొండ మీద పడుతూ ఉంటుంది. ఆ వాన మీకు కనపడదు, వినపడదు. ఏటవాలు కొండ కదా, ఆ నీరంతా చూస్తుండగానే గెడ్డలోకి దిగిపోతుంది. అందుకే మా ఊళ్ళో నీళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళు ముందు తల పైకెత్తి కొండ నెత్తి చూస్తారు. అక్కడ మబ్బు నల్లగా కూర్చుని ఉంటే దిగరు.

నీరు కూడా చెబుతుంది. తేటగా ఉన్న నీళ్ళలోకి ఎర్రమన్ను రంగు వచ్చినా, పచ్చి ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా ఒక్క క్షణం ఆగకూడదు. చెప్పులూ సంచీ అక్కడే వదిలేసి గట్టెక్కాలి. ఏ గట్టుకి? దారి ఉన్న గట్టుకి. అవతలి గట్టు దగ్గరగా కనపడుతుంది గానీ నీళ్ళు పెరిగితే అక్కడే చిక్కుకుపోతారు.

చంపావతి_గట్టు
మంగళవారం, ఉదయం 9.00

తమ్ముడూ, ఈ మాట ఇంతవరకూ నాకు ఎవరూ చెప్పలేదు. పైన వాన పడుతుందన్న ఆలోచనే నాకు లేదు. చాలా థాంక్స్.

నాగావళి_వాసి
మంగళవారం, మధ్యాహ్నం 1.15

నేను భయపెట్టొద్దనే రాశాను. ఏటా వేలమంది దిగుతున్నారు, అందరికీ ఏమీ కావట్లేదు కదా. అయినా నీ మాటా ఆలోచిస్తాను తమ్ముడూ.

బొడ్డవర_బండి
మంగళవారం, మధ్యాహ్నం 2.00

2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో జరిగింది గుర్తుందా? వైద్య విద్యార్థులు సరదాగా వెళ్ళారు. నీరు ఒక్కసారిగా పెరిగి ఐదుగురు కొట్టుకుపోయారు. ముగ్గురు పోయారు. వాళ్ళూ ధార దగ్గర ఆడుకోవడానికి దిగినవాళ్ళే. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో అన్నం సహించలేదు. మా అబ్బాయిదీ అదే వయసు.

వంశధార_నర్సు
మంగళవారం, రాత్రి 8.50

నేను ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. నీళ్ళ సంగతి తమ్ముడు చెప్పాడు, ఒంటి సంగతి నేను చెబుతాను.

మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకి ఎక్కడం కన్నా దిగడం కష్టం. దిగేటప్పుడు ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. అమ్మగారికి చేతికర్ర తప్పనిసరి. కొత్త చెప్పులు కొనకండి, రోజూ గట్టు మీద నడిచే బూట్లే వేయించండి. దిగేటప్పుడు పాప ముందు, అమ్మగారు మధ్యలో, మీరు వెనకాల కాదు. మీరు అమ్మగారికి ఒక మెట్టు కింద ఉండాలి. జారితే మీ మీదకే జారాలి. పాపని మీకు ముందు, కనుచూపులో ఉంచుకోండి. బీపీ మాత్ర వేసుకుంటుంటే ఆ పూట మానొద్దు.

రెండోది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది. ఆ పురుగు కంటికి కనపడదు, కుట్టినట్టూ తెలియదు. అందుకే పొడుగు చేతుల చొక్కా, నిండు ప్యాంటు, సాక్సు వేసుకోవాలి. గడ్డి మీద నేరుగా కూర్చోకుండా దుప్పటి పరుచుకోవాలి. ఇంటికొచ్చాక ఆ బట్టలు వేడినీళ్ళలో ఉతికి, ముగ్గురూ ఒళ్ళు రుద్దుకుని స్నానం చేయండి. వారం నుంచి మూడు వారాల్లోపు జ్వరం వస్తే మామూలు జ్వరమే అని ఇంట్లో ఉండిపోకండి. చంకల్లో, గజ్జల్లో, నడుం దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూడండి. పొక్కు లేకపోయినా సరే, డాక్టరు దగ్గర "అడవికి వెళ్ళొచ్చాం" అన్న మాట తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన మందు తొందరగా పడుతుంది. మందు ఉంది, తగ్గిపోతుంది. ఆలస్యం చేస్తేనే ప్రాణం మీదకి వస్తుంది.

ఇది మరీ మరీ ఎందుకు చెబుతున్నానంటే, ఊరు వెళ్ళొచ్చిన సంగతి చెప్పకుండా ఐదు రోజులు జ్వరం బిళ్ళలతో గడిపిన మనిషిని నేను దగ్గరుండి చూశాను. ఆయన బతికారు, కానీ చాలా కష్టపడ్డారు.

పాలకొండ_మాష్టారు
బుధవారం, ఉదయం 6.40

సీతంపేట, కొత్తూరు, పార్వతీపురం వైపు కొండల్లోకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్ళుగా ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. మనుషులూ పోయారు, ఏనుగులూ పోయాయి. ఆ వైపు ఏ గెడ్డకి వెళ్ళినా ముందు పక్క ఊళ్ళో అడిగి కదలండి. ఏనుగులు ఎటు ఉన్నాయో అక్కడివాళ్ళకి ఏ రోజుకారోజు తెలుస్తుంది. పాప అడవి చూడాలంటోంది కాబట్టి చెబుతున్నాను, అడవి అంటే చెట్లొక్కటే కాదు.

చంపావతి_గట్టు
ఆదివారం, రాత్రి 8.30

ఇవాళ వెళ్ళాం. జలపాతం చూడకుండానే వచ్చేశాం.

పొద్దున ఐదున్నరకి బయలుదేరాం. ఎస్.కోటలో ఇడ్లీ తిన్నాం. ఘాట్ అంతా ఎండే, డముకు దగ్గర లోయలో పొగమంచు తెల్లగా పరుచుకుని ఉంది. బొర్రా దగ్గర జీపు మాట్లాడుకుని దిగాల్సిన చోట దిగాం. అమ్మ కర్ర పట్టుకుని బాగానే నడిచింది. సగం దారిలో పాప "అమ్మా, నీళ్ళు టీలా ఉన్నాయి" అంది. పక్కన పారే నీటి కాలువ చూస్తే నిజంగానే ఎర్రగా ఉంది. తల ఎత్తి కొండ చూశాను. నెత్తిన నల్లటి మబ్బు. మా మీద మాత్రం ఎండ.

తమ్ముడు రాసింది గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను. పైకి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. "ఏం కాదండీ, ఇంత దూరం వచ్చి వెనక్కి పోతారా" అన్నారు. అమ్మ నా మొహం చూసి "పద, పోదాం" అంది. పాప జీపు దాకా ఏడ్చింది. జీపు ఆయన మాత్రం "మంచి పని చేశారమ్మా" అని, వెనక్కి తేవడానికి మాట్లాడుకున్నదానికన్నా వంద తగ్గించే తీసుకున్నాడు. మేం బొర్రాకి చేరేసరికి అక్కడా వాన అందుకుంది.

గుహలు చూసి వచ్చేశాం. పాప ఇంకా మాట్లాడట్లేదు. నేను చేసింది సరైనదేనా అని మనసులో పీకుతోంది, పైన ఉన్నవాళ్ళకి ఏమీ కాలేదట.

అనంతగిరి_కుర్రోడు
ఆదివారం, రాత్రి 8.55

సరైనదే అక్కా. వాళ్ళకి ఏమీ కాకపోవడం వాళ్ళ అదృష్టం. ఇవాళ పైన గట్టి వాన పడింది, మా ఇంటి ముందు గెడ్డ రాత్రికీ ఎర్రగానే ఉంది. మళ్ళీ రండి. వాన తగ్గి రెండు మూడు రోజులు పొడిగా ఉంటే నీరు తేరుకుంటుంది. ధారలో జోరు మాత్రం తగ్గదు. అప్పుడే చూడాలి. నేను ఇక్కడ రాస్తాను.

వంశధార_నర్సు
ఆదివారం, రాత్రి 9.10

పాపతో రేపు మాట్లాడండి. నీటి రంగు ముందు చూసింది తనే కదా. ఆ సంగతి తనకి చెప్పండి.

నాగావళి_వాసి
ఆదివారం, రాత్రి 10.30

నేను ఆ మాట రాసినందుకు బాధగా ఉంది. మా బ్యాచ్‌లో ఒకడు రెండేళ్ళ కిందట ఒక గెడ్డలో పాచి రాయి మీద జారాడు. మోచెయ్యి విరిగింది. అది నీళ్ళ వల్ల కాదు, వాడి అజాగ్రత్త వల్ల అనుకున్నాం. కొట్టుకుపోయేవాడే అన్న సంగతి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మీరు పాపని వెనక్కి తెచ్చారు. నేనైతే తెచ్చేవాణ్ణి కాదేమో.

బొడ్డవర_బండి
సోమవారం, ఉదయం 7.20

అక్టోబరు మనకి తుపాన్ల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. రెండోసారి వెళ్ళేముందు బంగాళాఖాతంలో అల్పపీడనం ఏమైనా ఉందేమో వార్తల్లో చూసుకుని బయలుదేరండి. ఉంటే వారం వాయిదా వేసినా నష్టం లేదు.

అనంతగిరి_కుర్రోడు
పది రోజుల తర్వాత, గురువారం, సాయంత్రం 5.40

అక్కా, మూడు రోజులుగా వాన లేదు. ఇవాళ నేను పైకి వెళ్ళి చూశాను. అడుగున రాళ్ళు కనపడేంత తేటగా ఉంది. వీలైతే శనివారం రండి, ఆదివారం జనం ఎక్కువ. ఉదయం పదిన్నరలోపు అక్కడ ఉండి, ఒంటిగంటకి కిందకి దిగిపోండి. కొండ మీద వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వస్తుంది.

చంపావతి_గట్టు
శనివారం, రాత్రి 9.40

చూసి వచ్చాం!

దారంతా ముందు చప్పుడే వినిపించింది. చాలాసేపు చెట్లే కనపడ్డాయి. దారి పక్కన అడ్డాకులు కట్టలు కట్టి పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అమ్మ ఆవిడ పక్కనే కూర్చుని పావుగంట కబుర్లు చెప్పింది. ఆకు ఎక్కడ దొరుకుతుంది, కట్టకి ఎంత వస్తుంది, పిల్లలు ఎంతమంది అని. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో అన్నీ ఈ విస్తళ్ళే కదా అని రెండు కట్టలు కొంది. ఆ పావుగంట మోకాలికీ విశ్రాంతి దొరికింది.

తర్వాత ఒక మలుపు తిరిగేసరికి చెట్ల మధ్య నుంచి తెల్లగా కనపడింది. పాప మాట్లాడలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ గాలే తడిగా మారింది, మొహం మీద తుంపర. కొండకి అతుక్కున్న నాచు, ఫెర్న్ మొక్కలు ఆ గాలికి ఆగకుండా ఊగుతూనే ఉన్నాయి. అమ్మ చేతులు జోడించింది. ఎందుకని నేను అడగలేదు.

నీళ్ళలోకి దిగలేదు. ధారకి బాగా కిందుగా, ఒడ్డున చదునైన రాయి మీద కూర్చుని పాదాలు మాత్రం ముంచాం. ఆ రాయి పొడిగా ఉందో లేదో పాప ముందు చేత్తో తడిమి చూసింది. ప్రతి ఐదు నిమిషాలకీ కొండ నెత్తి చూసే డ్యూటీ తనదే.

మాష్టారూ, కొలత సంగతి. కాగితం పద్ధతి గంటస్తంభం దగ్గర బాగా కుదిరింది. ఇక్కడ వెనక్కి జరగడానికి చోటు లేదు, కుదరలేదు. స్టాప్‌వాచ్‌తో ఎదురుగా నిలువుగా పడే ధారని ఏడుసార్లు చూసింది. ఒకసారి 1.7, ఒకసారి 2.1, మిగతావి ఆ మధ్యలో. ఇంటికొచ్చి లెక్క వేసి "20 మీటర్ల లోపే ఉంటుంది, గాలి వల్ల ఇంకా తక్కువే" అని నోట్‌బుక్‌లో రాసింది. 20 మీటర్లంటే ఎంతో తెలియడానికి మా వీధిలో కొబ్బరిచెట్లు చూసి వచ్చింది.

పన్నెండూ నలభైకి దిగడం మొదలుపెట్టాం. నర్సుగారు చెప్పినట్టే నేను అమ్మకి ఒక మెట్టు కిందే ఉన్నాను. కింద బొంగులో చికెన్ తిన్నాం, వెదురు వాసన పట్టి చాలా బాగుంది. మేం తెచ్చిన కవర్లూ సీసాలూ మళ్ళీ కారులో పెట్టుకుని వచ్చేశాం. అక్కడ రాళ్ళ మధ్య ఇరుక్కున్న ప్లాస్టిక్ చూస్తే ప్రాణం ఉసూరుమంది. పాప చేతికి అందినవి ఆరు ఏరింది. మిగతావి నీటి అంచున ఉన్నాయి, నేనే వద్దన్నాను.

పాలకొండ_మాష్టారు
శనివారం, రాత్రి 10.05

ఏడు కొలతలూ విడివిడిగా రాసి ఉంచిందా? ఉంచితే వాటి సరాసరి తీయమని చెప్పమ్మా. 1.7కీ 2.1కీ తేడా చిన్నదే అనిపిస్తుంది. లెక్కలోకి వెళ్తే ఒకటి పద్నాలుగున్నర మీటర్లు, ఇంకొకటి ఇరవై రెండు. అంత తేడా ఎందుకొచ్చిందో పాపనే ఆలోచించమనండి. తొందరలేదు. జవాబు దొరికినప్పుడు ఇక్కడ రాయమనండి, నేను రోజూ చూస్తాను.

నాగావళి_వాసి
ఆదివారం, ఉదయం 6.30

నవంబరులో మా నాన్నగారిని తీసుకెళ్దామని ఉంది. ఆయనకి డెబ్బై, ఇంతవరకూ జలపాతం చూడలేదు. వలిసె పూలు కూడా అప్పుడే కదా, అరకు దాకా వెళ్ళొస్తాం. నీళ్ళలోకి దిగం. తమ్ముడూ, మీ నాన్నగారి జీపు దొరుకుతుందా?

అనంతగిరి_కుర్రోడు
ఆదివారం, ఉదయం 7.15

దొరుకుతుందన్నా. ముందు సీటు మీ నాన్నగారికి ఉంచమని చెబుతాను, వెనక కుదుపు ఎక్కువ. ఏ రోజో రెండు రోజుల ముందు ఇక్కడ రాయండి. ఆ పొద్దున గెడ్డ చూసి నీరు ఎలా ఉందో చెబుతాను. ఎర్రగా ఉంటే మాత్రం బయలుదేరొద్దు.